భుజం పట్టు: ఆపరేషన్ల జమాఖర్చు

భుజం పట్టేయడం మన ఇళ్లలో కొత్త మాట కాదు. జడ వేసుకోబోతే చెయ్యి వెనక్కి పోదు. పై అరలోని లెడ్జరు అందదు. రాత్రి ఆ పక్కకు ఒత్తిగిలి పడుకోలేరు. నలభై, అరవై ఏళ్ల మధ్యవారికి, అందులోనూ చక్కెర వ్యాధి ఉన్నవారికి ఇది ఎక్కువ. తైలాలు, కాపడాలు అయిపోయాక, 'ఆపరేషన్ చేయించాలా?' అన్న ప్రశ్న వస్తుంది. ఈ ప్రశ్నకు నూటయాభై ఏళ్ల చరిత్ర ఉంది.

1872లో పారిస్ సర్జను డ్యూప్లే, జబ్బు కీలులో కాదు, దాని చుట్టూ ఉన్న కండరాల్లో, పొరల్లో ఉందన్నాడు. రోగికి మత్తు ఇచ్చి, చేతిని బలంగా కదిపి పట్టు విడిపించేవాడు. ఆ పద్ధతి నేటికీ ఉంది. అందులో ఎముక విరిగే ప్రమాదమూ లేకపోలేదు. 1945లో అమెరికాలో నెవియాసర్ భుజాలు కోసి చూశాడు. కీలును సంచిలా కప్పి ఉండే పొర మందమై, ముడుచుకుపోయి కనిపించింది. 1918లో టోక్యోలో టకాగి ఒక శవం మోకాలిలోకి గొట్టం పంపి చూడడంతో మొదలైన విద్య, శతాబ్దం చివరికి భుజానికీ వచ్చింది. చిన్న రంధ్రాలు చేసి ఆ పొరను కోయడం సాధ్యమైంది.

వీరి నడుమ బోస్టన్ వాడు కాడ్మన్ ఉన్నాడు. 'ఫ్రోజెన్ షోల్డర్' అన్న పేరు 1934లో ఆయన పుస్తకంతోనే వచ్చింది. బ్యాంకు మనిషిగా నాకు ఆయన మీద వేరే గౌరవం. ప్రతి ఆపరేషన్ ఫలితాన్నీ ఆసుపత్రి లెక్క రాసి బయటపెట్టాలని ఆయన పట్టుబట్టాడు. 1911-1916 మధ్య తన సొంత ఆసుపత్రి నుంచి వెళ్లిన 337 మంది రోగుల విషయంలో 123 పొరపాట్లు జరిగాయని తానే అచ్చువేశాడు. తోటి డాక్టర్లకు అది రుచించలేదు.

భుజం విషయంలో అలాంటి లెక్క ఒకటి 2020లో తేలింది. బ్రిటన్‌లో 35 ఆసుపత్రుల్లో 503 మందికి మూడు చికిత్సలు పంచి చూశారు: మత్తులో చెయ్యి కదపడం, పొర కోయడం, ఇంజెక్షన్‌తో పాటు వ్యాయామం. ఏడాది తిరిగేసరికి మూడు జట్లూ బాగుపడ్డాయి. ఏదీ మిగతావాటికంటే స్పష్టంగా పైచేయి కాలేదు. వ్యాయామం జట్టులో మళ్లీ చికిత్స కావలసి వచ్చినవారు కొంత ఎక్కువ. పొర కోసిన జట్టులో తీవ్రమైన ఇబ్బందులు ఎక్కువ. ఆపరేషన్ అయినవారికీ తరువాత వ్యాయామం తప్పలేదు.

ఈ చివరి మాట వరోరా వారికి వింత కాదు. 1949లో బాబా ఆమ్టే స్థాపించిన సంస్థ ఆనందవనంలో, కుష్ఠు వచ్చిన చేతులు పనిలో పడి నిలదొక్కుకోవడం మనం చూశాం. 1940ల చివర వెల్లూరులో వంగిన వేళ్లకు శస్త్రచికిత్స మొదలుపెట్టిన పాల్ బ్రాండ్ కూడా తరువాతి సాధనను శస్త్రచికిత్సలో భాగంగానే చూశాడు.

కాబట్టి డాక్టరు ఆపరేషన్ అన్నప్పుడు భయపడనక్కరలేదు, తొందరపడనూ అక్కరలేదు. ఎన్ని నెలలు వ్యాయామం చేశాం, చెయ్యి ఎంత ఎత్తుకు లేచింది అన్నది కాగితం మీద రాసుకుని వెళ్లి అడగండి. లెక్క చేతిలో ఉన్నవాడికే బేరం తెలుస్తుంది.