పాత తీగ, కొత్త బ్యాండు: 7 మెగాహెర్ట్జ్ యాంటెన్నా 21కి అలవడిన తీరు

ఉపోద్ఘాతం

రేడియో చరిత్ర ఎక్కువగా ఆవిష్కర్తల చరిత్రగానే రచింపబడింది. ఔత్సాహిక రేడియోలో మాత్రం ఉన్న తీగను కొత్త అవసరానికి మలచుకోవడం కూడా అంతే ముఖ్యమైన సాంకేతిక కృషి. 1947 నాటి అట్లాంటిక్ సిటీ అంతర్జాతీయ సమావేశం ఔత్సాహికులకు కేటాయించిన 21 మెగాహెర్ట్జ్ బ్యాండు ఇందుకు నిదర్శనం.

నేపథ్యం

అంతకు పూర్వమే స్థిరపడిన 3.5, 7, 14, 28 మెగాహెర్ట్జ్ బ్యాండ్లు ఒకదానికొకటి రెట్టింపులు. మధ్యలో ఫీడరు కలిపిన అర్ధతరంగ డైపోలుకు ఈ అమరిక అనుకూలించలేదు. 7 మెగాహెర్ట్జ్ వద్ద తీగ మధ్యలో విద్యుత్ప్రవాహం గరిష్ఠం. ఇంపిడెన్సు సుమారు 70 ఓములు. 14 వద్ద అక్కడే ప్రవాహం కనిష్ఠమై, ఇంపిడెన్సు వేల ఓములకు చేరుతుంది. అందువల్లనే కొనవద్ద ఫీడరు కలిపే జెప్ యాంటెన్నా, 1929లో లోరెన్ విండమ్ వ్యాసంతో ప్రసిద్ధమైన, మధ్యకు ఎడంగా కలిపే యాంటెన్నా ఆదరణ పొందాయి.

మూడవ రెట్టు

21 అనేది 7కు మూడు రెట్లు. బేసి రెట్టు కనుక తీగపై మూడు అర్ధతరంగాలు ఏర్పడి, మధ్యలో ప్రవాహం మళ్ళీ గరిష్ఠమవుతుంది. అయినా లెక్క పూర్తిగా కుదరలేదు. కొనల ప్రభావం వల్ల అర్ధతరంగ తీగను సుమారు 5 శాతం కురచగా కత్తిరిస్తారు, 7.1 మెగాహెర్ట్జ్‌కు అది దాదాపు 66 అడుగులు. మూడు అర్ధతరంగాలున్నా తీగకు కొనలు రెండే గనుక ఆ తగ్గింపు మూడింతలు కాదు. ఫలితంగా అదే తీగ 22 మెగాహెర్ట్జ్ దగ్గర అనునాదం చెందుతుంది; బ్యాండు 21.45తోనే ముగుస్తుంది.

దీనికి పరిష్కారం సరళమైనది. మధ్యనుండి ఇరువైపులా సుమారు 11.5 అడుగుల దూరంలో చిన్న తీగముక్కలను వేలాడదీస్తారు. 21 వద్ద అవి వోల్టేజి గరిష్ఠంగా ఉండే స్థానాలు; అందుచేత అనునాద పౌనఃపున్యం తగ్గి బ్యాండులోకి వస్తుంది. 7 వద్ద ఆ స్థానాల్లో వోల్టేజి తక్కువ కనుక పాత బ్యాండుపై ప్రభావం స్వల్పం.

ముగింపు

1979 నాటి ప్రపంచ రేడియో సమావేశం కేటాయించిన 10, 18, 24 మెగాహెర్ట్జ్ బ్యాండ్లు ఈ రెట్ల వరుసకు వెలుపలివి. వాటికి తీగముక్క చాలదు. నిచ్చెన ఫీడరు, ట్యూనరు వంటి సాధనాలు అవసరమయ్యాయి. బ్యాండ్లను దేశాల మధ్య ఒప్పందాలు నిర్ణయించాయి; తీగ పొడవును పెరటి స్థలం, భౌతిక నియమాలు నిర్ణయించాయి. ఈ రెంటినీ కలిపిన వాడుకరుల శ్రమను లెక్కలోకి తీసుకోనంతవరకు సాంకేతిక చరిత్ర అసమగ్రమే.