పొగాకు మల్లె బయటి నుంచి రాలేదు

పొగాకు చేలో మల్లె లేస్తే మనం అనే మాట ఒకటే: "ఈ పీడ ఎక్కణ్ణుంచి దాపురించింది?" వయ్యారిభామ విషయంలో ఆ మాట నిజమే, అది అమెరికా ఖండం మొక్క. మల్లె దగ్గర మాత్రం లెక్క తిరగబడుద్ది. బయటి నుంచి వచ్చింది పొగాకు. మల్లె ముందునుంచీ ఇక్కడిదే.

పొగాకుని అమెరికా నుంచి మన తీరానికి తెచ్చింది పోర్చుగీసువాళ్ళు. 1600 దాటాక అక్బరు దర్బారు దాకా చేరింది. 1617లో జహంగీరు వద్దన్నా ఆగలేదు. 1920ల్లో గుంటూరు వైపు వర్జీనియా సాగు మొదలై, ఎకరాలకి ఎకరాలు పరుచుకుంది. 1947లో రాజమండ్రిలో పొగాకు పరిశోధనా సంస్థ కూడా పెట్టారు.

మరి మల్లె సంగతి? దానికి పచ్చదనం లేదు, సొంతంగా తిండి చేసుకోలేదు. వంగ లాంటి మొక్కల వేరు పట్టుకుని బతుకుద్ది. పొగాకుదీ వంగ కుటుంబమే. పెరట్లో నాలుగు వంగమొక్కలుంటే దానికి దొరికేది నాలుగు వేర్లు. అదే చేలో ఏటేటా పొగాకు వేస్తే ఇక రోజూ విందే. మొక్క మారలేదు, మన సాగు మారింది.

ఒక్క మల్లె లక్షకి పైగా విత్తనాలు రాలుస్తుంది. అవి దుమ్ములాగా ఉంటాయి, నేలలో పదేళ్ళకి పైగా బతుకుతాయి. తగిన వేరు దగ్గరికొస్తేనే మొలుస్తాయి. మా ఇంట్లో పూతమీదున్న మల్లె పీకి గట్టున పడేసేవాళ్ళం, పని అయిపోయిందనుకునేవాళ్ళం. పీకినా పూత మీదున్నది ఎండుతూనే విత్తనం కడుతుందని చాలా ఆలస్యంగా తెలిసింది. ఆ విత్తనం వాననీటితో పక్క చేలోకీ పోయుంటుంది.

అందుకే అన్నలారా, పూత రాకముందే పీకండి. పీకింది కాల్చెయ్యండి. గట్టున, కాలవలో వెయ్యొద్దు. పశువులకీ పెట్టొద్దు, పేడతో మళ్ళీ చేలోకే వస్తుంది. పొగాకుకి ముందు నువ్వులో, పెసరో, జొన్నో వేస్తే కొంత విత్తనం మొలిచి, వేరు పట్టలేక చస్తుంది.

కౌలు చేనైనా సరే ఇది చెయ్యండి. ఈ ఏడు మనం వదిలిన మల్లె, వచ్చే ఏడు ఆ చేను పట్టే ఇంకో రైతు నెత్తిన పడుద్ది.