సంస్థ పెట్టవచ్చు.. పనిచేయాలంటే అనుమతి కావాలి
అమెరికాలో చదివి వ్యాపారం ప్రారంభించదలచిన పట్టభద్రులకు వీసా నిబంధనలు

ఉన్నత విద్యకై అమెరికా వెళ్లే తెలుగు విద్యార్థుల్లో, చదువు ముగిశాక సొంత సంస్థ ప్రారంభించాలని తలచేవారూ ఉన్నారు. అక్కడ సంస్థను నమోదు చేయించడం పెద్ద పని కాదు. రాష్ట్ర ప్రభుత్వానికి రుసుము చెల్లించి పత్రాలు దాఖలు చేస్తే చాలు, విదేశీయులకూ అడ్డంకి లేదు. చిక్కంతా ఆ తరువాతే. వాటాదారు కావడానికి వీలున్నంత మాత్రాన ఆ సంస్థలో పనిచేసే హక్కు లభించినట్లు కాదు. అనుమతి లేకుండా పనిచేస్తే, జీతం తీసుకోకపోయినా, ఎఫ్‌-1 విద్యార్థి హోదాకు ముప్పు వాటిల్లవచ్చు.

పట్టభద్రులకు లభించే తొలి అవకాశం ఓపీటీ. ఈ 12 నెలల శిక్షణ కాలంలో తాము చదివిన రంగంలో స్వయం ఉపాధికి వీలుంది. అవసరమైన లైసెన్సులు పొంది, పూర్తికాలం పనిచేస్తున్నట్లు ఆధారాలు చూపగలగాలి. పని లేని రోజులు మొత్తం 90కి మించరాదు. పేరుకు సంస్థ పెట్టి ఊరుకుంటే ఈ లెక్క ఆగదు.

సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగ్‌, గణితం చదివినవారికి మరో 24 నెలల పొడిగింపు సదుపాయం 2016లో అమలులోకి వచ్చింది. చాలామంది పొరబడేది ఇక్కడే. మొదటి ఏడాది చెల్లిన స్వయం ఉపాధి ఈ దశలో చెల్లదు. సంస్థ ఈ-వెరిఫైలో నమోదై ఉండాలి. శిక్షణ ప్రణాళిక అయిన ఐ-983 పత్రంపై యజమాని తరఫున వేరొకరు సంతకం చేయాలి. తన శిక్షణను తానే పర్యవేక్షించుకుంటానంటే కుదరదు. నిజంగా అజమాయిషీ చేయగల సహ వ్యవస్థాపకుడో, మరో అధికారో ఉండవలసిందే. పొడిగింపు దరఖాస్తు ఓపీటీ గడువులోపే చేరాలి కనుక ఆ వ్యక్తిని ముందుగానే చూసుకోవాలి.

తరువాతి మజిలీ హెచ్‌-1బి. ఏటా 65 వేల మందికి, అమెరికాలో పీజీ చేసినవారికి అదనంగా 20 వేల మందికి పరిమితి ఉంది. దరఖాస్తులు అంతకు మించితే ఎంపికలో పేరు రావాలి. అధిక వాటా గల వ్యక్తి తరఫున ఆ సంస్థే దరఖాస్తు చేయడానికి 2025 జనవరి 17న అమలులోకి వచ్చిన నిబంధనలు స్పష్టమైన అవకాశం కల్పించాయి. అయితే సాధారణంగా మూడేళ్ల వరకు లభించే అనుమతి వీరికి తొలిసారి, మొదటి పొడిగింపులోనూ 18 నెలల చొప్పునే దక్కుతుంది. ఆదాయం లేని సంస్థ అయినా, ఆ ప్రాంతంలో ఆ ఉద్యోగానికి నిర్దేశించిన వేతనం వ్యవస్థాపకునికి చెల్లించాలి. కొత్త సంస్థలకు ఇదే పెద్ద భారం.

పెట్టుబడిదారులకిచ్చే ఈ-2 వీసా భారత పౌరసత్వంపై లభించదు. అందుకు అవసరమైన ఒప్పందం ఇరు దేశాల మధ్య లేదు. ఆ పేరుతో సొమ్ము అడిగే ఏజెంట్లకు దూరంగా ఉండడమే మేలు. ఏ దారీ కుదరక స్వదేశానికి తిరిగి వచ్చినా, అక్కడి సంస్థలోని వాటాలు వదులుకోనక్కరలేదు.