బందరు జహాజులకు కలప ఎక్కడిది?

పోయినేడు తరగతిలో బందరు రేవు పాఠం చెబుతుంటే ఒక పిల్లవాడు లేచి, "మాస్టర్ సాబ్, ఇక్కడంతా ఉప్పునేల, తుమ్మచెట్లేగా! మరి జహాజులకు కలప ఎక్కడిది?" అన్నాడు. బందరు గొప్ప చెప్పుకునే మనం ఈ ప్రశ్న ఎన్నడూ వేసుకోలేదు.

గోల్కొండ కుతుబ్ షాహీల కాలంలో మన రేవు నుంచి జహాజులు ఎర్రసముద్రంలోని మోఖాకు పోయేవి. హజ్ యాత్రికులు వాటిల్లో వెళ్ళేవారు. మక్కా, మదీనాల పేదలకు సుల్తాను పంపే బియ్యమూ వాటిల్లోనే. 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు వచ్చి కోఠీలు పెట్టారు. ఇదంతా మనకు కంఠోపాఠమే. కాని ఓడలు కట్టే పెద్ద చోటు బందరు కాదు, వశిష్ట గోదావరి ఒడ్డునున్న నరసాపురం.

కారణం కలప. పై అడవుల్లో టేకు (మన సాగ్వాన్) నరికి గోదావరిలోకి దించేవారు. పచ్చి టేకు దుంగ నీళ్ళలో సరిగా తేలదు. అందుకని వెదురు కట్టలు జోడించి తెప్ప కట్టాలి. ఆపైన నదే మోసుకొస్తుంది, బండి కూలి లేదు.

1669లో ఈ దేశానికి వచ్చిన థామస్ బౌరీ అనే ఇంగ్లీషు వర్తకుడు నరసాపురాన్ని, పక్కనున్న మాధవాయపాలెాన్ని తెగ మెచ్చుకున్నాడు. మంచి కలప, మంచి ఇనుము దొరుకుతాయట. మేకులు, లంగర్లు అక్కడి కమ్మరులే చేసేవారట. ఓడను నీటిలోకి దించే నేర్పు తాను చూసిన ఏ దేశానికీ తీసిపోదని రాశాడు. పరాయివాడు గుర్తించాడు. మనం మాత్రం సుల్తాను పేరే చెప్పుకుంటాం, ఆ వడ్రంగిని, కమ్మరిని తలవం. హాజీ ప్రాణం సముద్రం మీద నిలిచింది వాళ్ళు దిగగొట్టిన మేకు మీదనే కదా!

1687లో గోల్కొండ పడిపోయింది. తరువాత ఇనుప స్టీమర్లు వచ్చాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలు సాగాక, రాజమండ్రి అడితుల నుంచి కలప పడవల మీద ఏలూరు కాలువ వెంట మన వైపుకూ దిగేది. మన పాత ఇళ్ళ దూలాలన్నీ రంగూన్ టేకేనని పెద్దలు అంటారు గాని, మాకు నమ్మకం లేదు.

మొన్న సెలవుల్లో ఆ పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని గుడివాడ, భీమవరం మీదుగా రైల్లో నరసాపురం వెళ్ళాం. రేవులో సఖినేటిపల్లి వైపు పంటు పోతోంది. "ఇక్కడేనా మాస్టర్ సాబ్?" అంటూ వాడు లోతు చూడ్డానికి బురదలోకి దిగాడు. కేకేసి వెనక్కి పిలిచాం.