కఠినవిమర్శయు నటజీవనమును

నాటకవిమర్శ యెంత కఠినముగా నుండవచ్చునను చర్చ తరచుగా వినబడును. ఆ కాఠిన్యమును నటుడు దేని యాధారమున భరించునను ప్రశ్న యంతగా వినబడదు. అనంతపుర మండలమున జన్మించిన యిరువురు నటుల చరిత్రను బట్టి యీ రెండవ ప్రశ్నను పరిశీలింప దలచితిమి.

మొదటివారు ధర్మవరము రామకృష్ణమాచార్యులు (1853–1912). జన్మస్థలము ధర్మవరము, న్యాయవాదవృత్తి బళ్లారిలో. అనంతపురము 1882లో బళ్లారినుండి విడివడి ప్రత్యేక మండల మైనది. 1876–78 నాటి ధాతకరవుచే నలిగిన యా మెట్టసీమలో, దశాబ్దము గడచునంతనే 1887లో వారి 'చిత్రనళీయము' ప్రదర్శిత మయ్యెను. పిదప వారు 'విషాదసారంగధర'ను రచించిరి. నాటకము మంగళాంతము కావలెనను సంస్కృతలక్షణమును ఉల్లంఘించిరని లాక్షణికు లాక్షేపించిరి. అయినను ఆచార్యులవారు వెనుదీయలేదు. వారి నాటకములు సుమారు ముప్పది.

రెండవవారు తాడిపత్రిలో 1880లో జన్మించి బళ్లారి రాఘవగా ప్రసిద్ధి కెక్కిన రాఘవాచార్యులు. వీరు పైవారికి మేనల్లుడు. నాటి ప్రేక్షకులు పద్యమును దీర్ఘరాగముతో వినగోరి 'వన్స్‌మోర్' అని కేకలు వేయుచుండిరి. రాఘవ రాగమును తగ్గించి, భావానుగుణమగు పలుకునకును ముఖాభినయమునకును ప్రాధాన్య మొసగెను. గానాభిమానుల కది లోపముగా దోచినది. స్త్రీపాత్రలను స్త్రీలే ధరింపవలెనని పట్టుబట్టినందుకును ఆయన నింద కెర యయ్యెను. 1946లో మరణించువరకు ఆయన తన మతమును మార్చుకొనలేదు.

ఈ స్థైర్యమును మనోబల మని మాత్రమే వర్ణించుట చాలదని మా యభిప్రాయము. ఇరువురును న్యాయవాదులు. నాటకము వారికి ప్రాణప్రదమే కాని అన్నప్రదము కాదు. రాత్రి రంగస్థలమున నిందకు గురియైనను మరునాడు న్యాయస్థానమున వారి గౌరవ మట్లే నిలిచియుండెను.

పొరుగున కడప మండలమందలి సురభి గ్రామమున 1885లో ఆరంభమైన నాటక కుటుంబముల స్థితి వేరు. వారికి రంగస్థలమే జీవనము. పంట ఎండిన యేట టిక్కెట్టు కొనువారే అరుదు. అట్టియెడ పరుషవాక్య మొక్కటి వ్యాపించినను వంటయింటి పొయ్యిని తాకును. అందుచే ప్రేక్షకు డడిగిన పద్యమును మరల పాడుటను అభిరుచిలోప మనుట న్యాయము కాదు. స్త్రీల స్థితి మరియు క్లిష్టము. పురుషుని విషయమున విమర్శ నటనను తప్పుపట్టగా, స్త్రీ విషయమున శీలమునే శంకించుచుండెను. అట్టి మాటకు మెరుగైన నటన సమాధానము కాజాలదు.

కావున పూర్వవిమర్శలను చదువు పరిశోధకులు, విమర్శ సత్యమా కాదా యని విచారించుటతో తృప్తిపడరాదు; దానివలన నటుడు కోల్పోగలిగిన దేమియో కూడ విచారింపవలెను. రాఘవ ధైర్యమును మేమును కొనియాడుదుము. అట్టి ధైర్యమునకు కావలసిన యాసరా లేనివారి మౌనమును పిరికితన మని మాత్రము వ్రాయజాలము.