కబురు ఎవరిదో తెలియాలి

మైకులు రాని రోజుల్లో కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో కబురంతా డప్పు మీదే నడిచేది. శిస్తు గడువైనా, తప్పిపోయిన బర్రె సంగతైనా చాటింపుతోనే ఊరికి తెలిసేది. జనం ఆ కబురును నమ్మింది డప్పు గట్టిగా మోగినందుకు కాదు. కొట్టే మనిషి ఎవరో, కొట్టించిన పటేలో పట్వారీయో ఎవరో అందరికీ తెలుసు కాబట్టి, అబద్ధమైతే ఎవరిని నిలదీయాలో తెలుసు కాబట్టి నమ్మారు. స్పామ్ మెయిళ్లతో దశాబ్దాలుగా సాగుతున్న పోరు చివరికి చేరింది ఈ సూత్రానికేనని నా వాదన.

ఆదిలాబాద్ జిల్లా కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యకు జరిగే నాగోబా జాతరను చూడండి. దానికి ముందు మెస్రం వంశీయులు ఎడ్లబండిని ప్రచార రథంగా కట్టుకొని గూడేలకు వెళ్లి కబురు చెబుతారు. జాతర చేసేవాళ్లూ వాళ్లే, చెప్పేవాళ్లూ వాళ్లే. 1982లో వెలువడిన ఎస్‌ఎంటీపీ మెయిల్ పద్ధతిలో లేనిది ఈ బాధ్యతే. పంపినవారి చోట ఎవరి పేరు రాసినా యంత్రం ప్రశ్నించేది కాదు. అప్పటి నెట్‌వర్క్ ఒకరినొకరు ఎరిగిన పరిశోధకులది కాబట్టి అది లోపంగా కనిపించలేదు. తరువాత మాటలను బట్టి మెయిళ్లను వడకట్టబోతే, స్పామర్లు అక్షరాలు మార్చి దాటిపోయారు. అందుకే ఒక డొమైన్ తరఫున ఏ సర్వర్లు పంపవచ్చో చెప్పే ఎస్‌పీఎఫ్, సంతకం వేసే డీకేఐఎం, ఈ పరీక్షలు తప్పితే ఏం చేయాలో చెప్పే డీమార్క్ వచ్చాయి. తన ఖాతాలకు రోజుకు 5,000కు పైగా మెయిళ్లు పంపేవారికి జీమెయిల్ 2024 ఫిబ్రవరి నుంచి ఈ మూడింటినీ తప్పనిసరి చేసింది.

చాటింపును ఇంతగా మెచ్చుకోవచ్చా అని అడిగేవారుంటారు. న్యాయమైన ప్రశ్న. చాలా ఊళ్లలో డప్పు కొట్టడం మాదిగలకు వెట్టిగా ఉండేది, దొర హుకుం కాదనే దారి ఊరికి ఉండేది కాదు. 1978లో, డెక్ కంపెనీ ఉద్యోగి గ్యారీ థర్క్ దాదాపు 400 మందికి అడగని ప్రకటనను మెయిల్‌లో పంపిన ఏడాదే, జగిత్యాల, సిరిసిల్ల కూలీలు, రైతులు వెట్టికి ఎదురుతిరిగి దొరలను సాంఘికంగా బహిష్కరించారు. పంపిందెవరో తెలిస్తే చాలదు, వద్దనే హక్కూ ఉండాలి. ఒక్క నొక్కుతో అన్‌సబ్‌స్క్రైబ్ అయ్యే వీలుండాలన్న జీమెయిల్ నిబంధన, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదన్న హద్దు ఆ హక్కునే గుర్తిస్తున్నాయి.

మోసగాడూ డొమైన్ కొని సంతకం వేయగలడు కదా? వేయగలడు. కానీ ఆ సంతకంతో వచ్చే ఫిర్యాదులన్నీ ఆ డొమైన్ ఖాతాలోనే పడతాయి, కొత్త పేరుకు పరపతి ఉండదు. ఇది చిన్నవాళ్లకు భారమన్న మాటలో కొంత నిజముంది. నిర్మల్ బొమ్మలనో, కరీంనగర్ వెండి ఫిలిగ్రీనో అమ్మేవారికి డీఎన్‌ఎస్ రికార్డులు పెట్టుకోవడం కొత్త పనే. అయినా అది ఒకసారి చేసుకుంటే చాలావరకు తీరిపోయే పని. వాళ్లను ఎక్కువగా ముంచేది కొనుక్కున్న చిరునామాల జాబితా. అడిగిన కొనుగోలుదారులకే, మొదట కొద్దికొద్దిగా పంపి, తిరిగివచ్చిన చిరునామాలను ఎప్పటికప్పుడు తీసేసే చిన్న దుకాణం మెయిల్‌కు, లక్షల చిరునామాలు కొన్న కంపెనీ మెయిల్ కంటే ఇన్‌బాక్స్ చేరే అవకాశం ఎక్కువ.