ఎర్ర జెండా ఎగరెయ్యని ఓడ: ఆ రోజు 66 మంది ఫైర్‌మెన్ ఎందుకు చనిపోయారు?

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా మన దగ్గర అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. ఫైర్ స్టేషన్ వాళ్లు స్కూళ్లకి, అపార్ట్‌మెంట్లకి వచ్చి మంటలు ఎలా ఆర్పాలో చూపిస్తారు, కరపత్రాలు పంచుతారు. మీలో చాలామంది చూసే ఉంటారు. మరి సరిగ్గా ఏప్రిల్ 14నే ఎందుకు మొదలుపెడతారు? ఈ రోజు ఎపిసోడ్ దాని గురించే.

1944కి వెళ్దాం. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. ఫోర్ట్ స్టికీన్ అనే సరుకు ఓడ ఇంగ్లండ్‌లో బయల్దేరి, కరాచీలో ఆగి, ఏప్రిల్ 12న బొంబాయి విక్టోరియా డాక్‌కి చేరింది. అందులో ఏమున్నాయో వినండి. దాదాపు 1,400 టన్నుల పేలుడు పదార్థాలు. వాటితోపాటు బంగారు కడ్డీలు. కరాచీలో ఎక్కించిన 8,700 పత్తి బేళ్లు, నూనె డ్రమ్ములు, కలప. పత్తి కింద పెట్టారు, దాని పైన మందుగుండు పెట్టారు. అంటే పొయ్యి మీద బాంబు పెట్టినట్టే. పొయ్యి ఇంకా వెలిగించలేదు, అంతే తేడా.

ఇలాంటి సరుకు ఉన్న ఓడ రేవులోకి వస్తే ఎర్ర జెండా ఎగరెయ్యాలి. చుట్టుపక్కల ఓడలవాళ్లకి, కూలీలకి అది హెచ్చరిక. ఫోర్ట్ స్టికీన్ మీద ఆ జెండా లేదు. మందుగుండుని వెంటనే దించెయ్యాల్సింది, అది కూడా ఆలస్యమైంది.

ఏప్రిల్ 14, మధ్యాహ్నం 2 గంటల ప్రాంతం. ఓడలో పొగ వస్తోందని సిబ్బంది గమనించారు. నగరంలో ఉన్న ఫైర్ బ్రిగేడ్‌కి కబురు వెళ్లడం ఆలస్యమైంది. వచ్చినవాళ్లు వచ్చినట్టే గొట్టాలు పట్టుకుని ఓడ ఎక్కేశారు. పొగ దట్టంగా ఉండటంతో మంట ఎక్కడుందో కనపడలేదు. పత్తి బేళ్లలో అంటుకున్న నిప్పుతో వచ్చే చిక్కు ఇదే. పైకి మంట కనిపించదు, లోపల్లోపల రాజుకుంటూనే ఉంటుంది. 900 టన్నులకి పైగా నీళ్లు కొట్టారు. ఆ నీళ్లు ఓడలోనే సలసలా కాగిపోయాయి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఆ సమయానికి చెయ్యగలిగినవి ఏంటి? ఓడని అక్కడే ముంచెయ్యొచ్చు. టగ్ పడవలతో లాగించి రేవు బయటికి పంపొచ్చు. లోపలికి ఆవిరి పంపి, గాలి అందకుండా చేసి మంటని అణచొచ్చు. లేదంటే ఇంకా నీళ్లు కొడుతూ ఉండొచ్చు. ఓడ కెప్టెన్, డాక్ అధికారులు, సైన్యం, ఫైర్ బ్రిగేడ్, అందరూ అక్కడున్నారు. ఒకరు ముంచేద్దాం అంటే, ఇంకొకరు బయటికి లాగుదాం అన్నారు. ఇదే చెయ్యాలి అని తేల్చి, అందరిచేతా చేయించిన మనిషి మాత్రం లేడు. దాదాపు రెండు గంటలు అలా గడిచిపోయాయి. ఆ రెండు గంటలూ ఫైర్‌మెన్ మాత్రం మందుగుండు పక్కనే నిలబడి నీళ్లు కొడుతున్నారు.

3:50కి ఓడ ఖాళీ చెయ్యమని ఆర్డర్ వచ్చింది. 4:06కి ఓడ పేలింది. ఓడ రెండు ముక్కలైంది. 12 కిలోమీటర్ల అవతల కూడా కిటికీ అద్దాలు పగిలాయి. సుమారు అరగంటకి రెండో పేలుడు. కాలుతున్న పత్తి వచ్చి బస్తీల మీద, గోడౌన్ల మీద పడింది. చుట్టూ ఉన్న ఓడలు మునిగిపోయాయి. వందల్లో జనం చనిపోయారు. వాళ్లలో 66 మంది ఫైర్‌మెన్. ఆ 66 మంది గుర్తుగానే ఏప్రిల్ 14.

మనం సాధారణంగా ఏమంటాం? వీరులు, ప్రాణాలకి తెగించారు అంటాం. నిజమే, కాదనను. కానీ నాకు ఒక ప్రశ్న మిగిలిపోతుంది. ఆ తెగింపు దేనికోసం ఖర్చయింది? 3 గంటలకే అందర్నీ దూరంగా పంపేసి ఉంటే ఓడ పోయేది, రేవు కూడా దెబ్బతినేది. కానీ ఆ 66 మందిలో ఎంతమంది ఇంటికెళ్లేవాళ్లు?

ఇప్పుడు చాలా దేశాల ఫైర్ సర్వీసుల్లో ఒక లెక్క నేర్పిస్తున్నారు. లోపల కాపాడగలిగిన ప్రాణం ఉంటే పెద్ద రిస్క్ తీసుకోవచ్చు. ఆస్తి కోసమైతే కొంచెమే. ఇప్పటికే పోయినదాని కోసం అసలు వద్దు. వినడానికి తేలిగ్గా ఉంటుంది. అయితే ఆ లెక్క వెయ్యాలంటే రెండు కావాలి. ఒకటి, లోపల ఏముందో తెలియాలి. రెండు, ఆపండి అని చెప్పగల అధికారం ఒకరి చేతిలో ఉండాలి. బొంబాయిలో ఈ రెండిట్లోనూ దెబ్బతిన్నారు.

మొదటిది లేక, రెండోది మాత్రమే ఉన్నచోట ఏం జరిగిందో చూడటానికి, 55 ఏళ్లు ముందుకి, అమెరికాకి వెళ్దాం. 1999 డిసెంబర్ 3, వూస్టర్ అనే ఊరు. పాడుబడ్డ కోల్డ్ స్టోరేజ్ బిల్డింగ్. కిటికీలు దాదాపు లేవు, గోడల నిండా మండే పదార్థాలే. అందులో తలదాచుకుంటున్న ఇద్దరి దగ్గర కొవ్వొత్తి పడి అంటుకుంది. వాళ్లు బయటపడ్డారు, కానీ ఎవరికీ చెప్పలేదు. లోపల మనుషులున్నారనుకుని ఫైర్‌మెన్ వెతకడానికి వెళ్లారు. ఇద్దరు పొగలో దారి తప్పారు. వాళ్ల కోసం వెళ్లినవాళ్లలో ఇంకో నలుగురు తిరిగి రాలేదు.

ఇంకా చాలామంది లోపలికి వెళ్తామంటున్నారు. పోయినవాళ్లు వాళ్లకి అన్నదమ్ముల్లాంటివాళ్లు. అప్పుడు డిస్ట్రిక్ట్ చీఫ్ మైక్ మెక్‌నమారా కాదు, మైక్ మెక్‌నమీ — పేర్లు దగ్గరగా ఉంటాయి, జాగ్రత్త — మెట్ల దగ్గర గుమ్మానికి అడ్డంగా నిలబడి, ఇక ఎవ్వరూ వెళ్లొద్దని ఆపేశారు. లోపల ఉన్న ఆరుగురూ ఆయన మనుషులే. ఆ మాట చెప్పడానికి ఎంత గుండె కావాలో ఊహించుకోండి. గొట్టం పట్టుకుని లోపలికి దూకడం ఎంత ధైర్యమో, ఆ గుమ్మంలో నిలబడటం కూడా అంతే ధైర్యం అని నా అభిప్రాయం.

రెండు కథల్లోనూ ఒక చిన్న సమాచారం అందలేదు. ఒకచోట ఎర్ర జెండా. ఇంకోచోట 'మేం బయటికి వచ్చేశాం' అన్న ఒక్క మాట. ఆ సమాచారం ఫైర్‌మెన్ దగ్గర ఉండదు, మనలాంటివాళ్ల దగ్గరే ఉంటుంది. అందుకే ఎక్కడైనా మంటలు చూస్తే ముందు వీడియో తీయకండి, 101కి గానీ 112కి గానీ ఫోన్ చెయ్యండి. ఫైరింజన్ రాగానే ఎదురెళ్లి మూడు విషయాలు చెప్పండి: లోపల ఎవరున్నారు, ఎవరు బయటికి వచ్చేశారు, గ్యాస్ సిలిండర్లు, కెమికల్స్ లాంటివి ఏమున్నాయి. గోడౌన్‌లో అనుమతి లేని సరుకుంటే అది కూడా దాచకుండా చెప్పండి. కేసు సంగతి తర్వాత చూసుకోవచ్చు. లోపలికి వెళ్లేవాడికి కూడా ఇంట్లో ఎదురుచూసేవాళ్లు ఉంటారు కదా.

ఈసారి ఏప్రిల్ 14న మీ ఊరి ఫైర్ స్టేషన్ వాళ్లు కరపత్రం ఇస్తే, తీసుకుని ఒకసారి చదవండి. మళ్లీ కలుద్దాం.